గంప బోర్లించిన సంపూర్ణమ్మ

కొత్తరేవుపాలెంలో సంపూర్ణమ్మ నోటికి జడవని మనిషి లేడు. వేళాకోళానికి అనడం లేదండి. నరసాపురానికి దిగువన, వశిష్ఠ గోదారి ఇక సముద్రంలో కలుస్తుందనగా ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. తెల్లారేసరికి పడవలు రేవుకి చేరతాయి. మగాళ్ల పని అంతటితో సరి. చేప గంపలో పడ్డాక అది ఆడవాళ్ల సొత్తు. బేరం వాళ్లదే, కోత వాళ్లదే, ఎండలో ఊళ్లు తిరగడం వాళ్లదే. ఆ ఆడవాళ్లందరిలోకీ పెద్ద గంప, పెద్ద గొంతు సంపూర్ణమ్మవి. "పండుగప్ప తాజాదేనా?" అని ఎవరైనా నసిగితే, "నీకంటే ముందే నిద్ర లేచిందమ్మా, నీకంటే హుషారుగా ఉంది, చూసుకో" అనేది. కొంటే కొన్నారు, లేకపోతే లేదు. గంప నెత్తికెత్తుకుని చక్కా పోయేది.

అలాంటి మనిషికి ఒక్కచోట మాత్రం నోరు పెగలదు. పడవ దగ్గర.

చిన్నప్పుడు వాళ్ల నాన్న కొత్త పడవ దించాడు. పేటలో ఆడవాళ్లంతా కలిసి పడవ ముక్కుకి పసుపు పూశారు, కుంకుమ బొట్లు పెట్టారు, హారతిచ్చారు. ఆ సంబరం చూసి పిల్ల సంపూర్ణం ఒళ్లు తెలియక ఒక్క గెంతు గెంతి పడవలోకి దూకింది. అంతే! నాన్న జబ్బ పట్టుకుని ఈడ్చి ఇసకలో పడేశాడు. ఆ దెబ్బలు ఆవిడ ఏనాడో మర్చిపోయింది. మర్చిపోలేనిది తర్వాత జరిగింది. తన కాళ్లు పడిన చోటల్లా బిందెలకు బిందెలు పసుపునీళ్లు పోసి కడిగారు. మగాళ్లు పడవలో నిలబడి కడుగుతుంటే, కింద నిలబడి నీళ్లందించింది ఎవరనుకున్నారు? కన్నతల్లి.

వేటపడవ మీద ఆడదాని కాలు పడితే వలకి చేప పడదని వాళ్ల నమ్మకం. చెయ్యి పడొచ్చు. పసుపు పూయడానికి, హారతివ్వడానికి, చేపలెత్తడానికి చెయ్యి కావాలి కదా! కాలు మాత్రం పడకూడదు. ఆ రోజు నుంచి సంపూర్ణమ్మ ఎన్ని పడవలకి పసుపు పూసిందో ఆవిడకే తెలీదు. ఒక్కదాంట్లోనూ కాలు పెట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సంపూర్ణమ్మ కొడుకు పల్లంరాజుకి సొంత పడవుంది. అతని కూతురు దుర్గాశ్రీ పక్క ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి. ఆ స్కూలుకి తణుకు నుంచి సత్యవాణి అని సైన్సు టీచరు వచ్చింది. వచ్చీ రాగానే స్పేస్ క్లబ్ అని ఒకటి మొదలెట్టింది. అంతరిక్ష పరిశోధన వాళ్లే స్కూలు పిల్లల కోసం ఉచితంగా పెట్టే ఆన్‌లైన్ పాఠాలున్నాయట. శనివారం చివరి పీరియడ్‌లో క్లాసు గోడకున్న పెద్ద తెర మీద అవి వేసేది. రాకెట్టు ఎలా లేస్తుంది, ఉపగ్రహం కింద పడకుండా ఎలా తిరుగుతుంది, తుపాను వస్తోందని పైనుంచి ఎలా కనిపెడుతుంది, అన్నీ చూపించేది. మిగతా పిల్లలు చూసి ఊరుకునేవారు. దుర్గాశ్రీ ఇంటికొచ్చి మామ్మకి మళ్లీ మొత్తం చెప్పేది. చేపల పొలుసు గీస్తూ సంపూర్ణమ్మ ఊకొట్టేది. అర్థమైందా అంటే, ఎక్కడండీ! దాని కళ్లలో వెలుగు చూడటానికి వినేది.

ఆ ఏడు ఆ పాఠాలు పెట్టినవాళ్లే ఒక పోటీ పెట్టారు. పిల్లలు తమ చేతులతో ఏంటెన్నా కట్టాలి. మన నెత్తి మీదుగా పోయే వాతావరణ ఉపగ్రహం పంపే బొమ్మని దాంతో పట్టాలి. పట్టేటప్పుడు వీడియో తీసి పంపాలి. వీడియోలో ఏంటెన్నా పట్టుకుని పనిచేసిన వాళ్లని, బొమ్మ బాగుంటే, వేసవి సెలవుల్లో రాకెట్లు ఎగిరే చోటికి తీసుకెళ్లి శిక్షణ ఇస్తారు.

"అది పాట పాడుకుంటా పోతాది మామ్మా. మన ఏంటెన్నా ఆ పాట వింటాది. ల్యాప్‌టాప్ దాన్ని బొమ్మ చేస్తాది" అని చెప్పింది దుర్గాశ్రీ.

"ఎవరు రాసిన పాటే అది?" అంది సంపూర్ణమ్మ. పిల్ల పడీ పడీ నవ్వింది.

అటక మీద పాత టీవీ ఏంటెన్నా ఉంటే దాని గొట్టాలు ఊడదీసి పిల్లకిచ్చింది సంపూర్ణమ్మ. వలకి కట్టే బెండు ఒకటి అడక్కుండా తీసుకుని, రెండు గొట్టాలనీ రెక్కలు విప్పినట్టు దానికి గుచ్చింది దుర్గాశ్రీ. "నా వల పాడుచేశావు కదే!" అని పల్లంరాజు లబలబలాడాడు. "నీ వలకి బెండ్లు చాలా ఉన్నాయి, దానికి ఏంటెన్నా ఒకటే ఉంది, ఊరుకో" అని తల్లి గసిరింది.

ఏంటెన్నా బాగానే కుదిరింది. బొమ్మే కుదరలేదు. స్కూలు డాబా మీద ఎప్పుడు పట్టినా బొమ్మ నిండా గీతలే. విప్పారు, మళ్లీ కట్టారు. వైర్లు మార్చారు. ఊహూఁ. ఒకరోజు పట్టుకుంటూ ఉండగా ఊళ్లో కరెంటు పోయింది. ఉన్నట్టుండి తెర మీద గీతలు మాయమై తెల్లటి మబ్బు కనిపించింది. అందరూ అరిచేలోగా మళ్లీ గీతలు. దుర్గాశ్రీ మాత్రం అరవలేదు. చుట్టూ చూసి, "మేడం, చెరువుల జనరేటర్లు వేశారండి" అంది.

అదండీ సంగతి. ఆ స్కూలుకి నాలుగు వైపులా రొయ్యల చెరువులు. చెరువుకి గాలి కొట్టే చక్రాలు, వాటి మోటార్లు, రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. ఆ మోటార్ల రొదే ఉపగ్రహం పాటని మింగేస్తోంది. కాసేపు ఆపండి బాబూ అని అడగడానికి లేదు, చక్రం ఆగితే రొయ్య చచ్చి తేలిపోతుంది. పోనీ సముద్రం ఒడ్డుకి పోదామంటే అక్కడ వరసాగ్గా రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలు, వాటికీ మోటార్లే. మోటారు లేని చోటు ఇక ఒక్కటే మిగిలింది. నడి గోదారి. రేవు దాటించే పంటు ఉంది గానీ, అది నిండా ఇనుము, నిండా జనం. మధ్యలో ఆపమంటే ఎవడాపుతాడు? వేటపడవ కావాలి.

సత్యవాణి మేడం పిల్లని వెంటబెట్టుకుని పేటకొచ్చింది. వేటపడవంటే పేట పెద్దని అడగాలి. పెద్దంటే చిట్టియ్య, సంపూర్ణమ్మకి మరిది. అతని అరుగు మీద పల్లంరాజుతో సహా నలుగురూ కూర్చున్నారు, సంపూర్ణమ్మ గోడ పక్కన నిలబడింది. మేడం అంతా వివరంగా చెప్పింది. చిట్టియ్య శ్రద్ధగా విన్నాడు, టీ తెప్పించాడు, మర్యాదకేం లోటు చెయ్యలేదు.

"మంచి పనేనండి. చదువుకి మేము అడ్డం కాదండి. పడవ ఇస్తామండి. అయితే ఆడపిల్ల ఎక్కకూడదండి. ఎవరైనా మగపిల్లాడికి నేర్పండి, వాడు ఎక్కి ఆ పుల్లలు పట్టుకుంటాడు. మా దుర్గాశ్రీ గట్టు మీద నిలబడి చెబుతా ఉంటాది. మీ స్కూలుకి పేరొస్తాది, మా కట్టుబాటూ ఉంటాది" అన్నాడు.

"కానీ వీడియోలో ఎవరుంటే వాళ్లే క్యాంపుకి వెళ్తారండి" అంది మేడం.

"మగపిల్లాడు వెళ్తే తప్పేంటండి?"

మేడం ఫోన్‌లో తారీకు చూసుకుంది. గడువు ఆదివారంతో అయిపోతుంది. ఏదీ పంపకపోవడం కంటే ఎవరో ఒకరు వెళ్లడం మేలు కదా అని ఆవిడ మనసులో పడింది. పల్లంరాజు తల వంచుకున్నాడు. అప్పుడు అందరూ సంపూర్ణమ్మ వైపు చూశారు. ఇంకేముంది, ఒంటికాలి మీద లేస్తుంది అనుకున్నారు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని గోడకి ఆనుకుంది.

ఇంటికొచ్చాక దుర్గాశ్రీ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఏంటెన్నా ఒళ్లో పెట్టుకుని గొట్టాలు గుడ్డతో తుడుస్తూ, "పోనీలే మామ్మా. ఎవరికో ఒకరికి నేర్పేస్తాను. ఎటు తిప్పాలో తెలిస్తే చాలు" అంది.

సంపూర్ణమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వెప్పుడైనా పడవెక్కావా మామ్మా?"

"ఎక్కాను."

"ఏమైంది?"

"కడిగారు."

పిల్ల తలెత్తి మామ్మ ముఖం చూసింది. తర్వాత వంగి తన పాదాలు చూసుకుంది, వాటికేదైనా అంటుకుందేమో అన్నట్టు. ఆ చూపు సంపూర్ణమ్మకి తెలుసు. ఇన్నేళ్లూ తనూ అలాగే చూసుకుంది. ఇప్పుడు ఇది కూడానా! ఇంకానా!

మర్నాడు తెల్లారి పడవలొచ్చాయి. పడవల నిండా చేపలే, గొరకలు, కట్టిపరిగెలు, రెండు మంచి పండుగప్పలు. మగాళ్లు వలలు దులిపి, ఎత్తుకోండి అన్నట్టు చూశారు. సంపూర్ణమ్మ రేవు మధ్యకి నడిచి, తన గంపని ఇసకలో బోర్లించి, దాని మీద కూర్చుంది.

"ఏంటమ్మా, నడుం నొప్పా?" అన్నాడు పల్లంరాజు.

"నాకేం నొప్పి! బ్రహ్మాండంగా ఉన్నాను. ఆడదాని కాలు తగిలితే పడవకి అరిష్టమటగా? మరి ఆడదాని చెయ్యి తగిలిన చేపకి అరిష్టం కాదా? చెయ్యీ కాలూ ఒక ఒంటివేరా! మీ పడవ మీకు, మీ చేప మీకు. కొయ్యండి, ఎత్తండి, అమ్ముకోండి."

మగాళ్లు నవ్వారు. ముసల్ది మళ్లీ మొదలెట్టింది అనుకున్నారు. అప్పుడు వెనక నుంచి సంపూర్ణమ్మ కోడలు రామతులసి వచ్చింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి గట్టిగా మాట్లాడి ఎరగదు ఆ పిల్ల. మొగుడి ముఖం చూడకుండా తన గంప కూడా అత్త పక్కన బోర్లించింది. తర్వాత ఇంకో గంప. ఇంకోటి. రేవులో నవ్వులు ఆగిపోయాయి.

ఎండ ఎక్కుతోంది. చేప ఆగుతుందా అండీ? పల్లంరాజు పౌరుషానికి పోయి చేపలు ట్రే‌లో వేసి, బండి మీద కట్టుకుని తనే ఊళ్లోకి పోయాడు. మొదటి వీధిలోనే ఒకావిడ, "కోసిస్తావా?" అంది. కత్తిపీట ముందు కూర్చున్నాడు. సముద్రంలో అలల మీద నిలబడి వల లాగే మనిషికి గొరక పొలుసు తియ్యడం రాలేదు. చేప జారి కాలువలో పడింది. రెండో వీధిలో బేరమాడి ఏడిపించి, చివరికి ఎవరూ కొనలేదు. "మీ అమ్మ ఏదయ్యా? ఆవిడ్ని పంపు" అన్నారు. ముఖం మాడ్చుకుని తిరిగొచ్చాడు. మిగతావాళ్ల సంగతీ అంతే. సాయంత్రానికి పేటంతా నీచు వాసన.

రెండోరోజూ గంపలు లేవలేదు. చిట్టియ్య తనే రేవుకి వచ్చాడు.

"వదినా, ఏంటీ గోల? పేట పరువు తీస్తున్నావు."

"పరువు ఎండలో మురిగిపోతోందా మరిదీ? ఐసు వెయ్యకపోయావా!"

"మన పెద్దలు పెట్టిన కట్టుబాటు. గంగమ్మ తల్లికి కోపం వస్తాది."

"గంగమ్మ మగాడా?" అంది సంపూర్ణమ్మ. "ఆ తల్లి బొమ్మ పడవ ముక్కు మీద వేసుకున్నారు. మీ పెళ్లాల పేర్లు పడవల పక్కన రాయించుకున్నారు. మా అత్త, మీ అమ్మ పేరు నీ పడవ మీద లేదూ? ఆ పేరు రోజూ సముద్రానికి పోతోంది. ఆవిడ చనిపోయేదాకా ఒక్కసారైనా సముద్రం మీదికి వెళ్లిందా? తుపానొస్తోంది వేటకి పోకండి అని నీ ఫోన్‌కి కబురొస్తే పరిగెత్తుకొస్తావే, ఆ కబురు పైనుంచే వస్తాదని నా మనవరాలు చెప్పింది. అది అక్కరకొస్తాది. అది నేర్చుకునే పిల్ల కాలు మాత్రం అక్కరకి రాదు. నువ్వే చెప్పు, ఏంటి దానర్థం?"

చిట్టియ్య కుళ్లిపోతున్న చేపల వైపు చూశాడు, బోర్లించిన గంపల వైపు చూశాడు. "నీ కొడుకు పడవ, నీ చావు. వల ఖాళీగా వస్తే నా గుమ్మం ఎక్కొద్దు" అని భుజం మీద తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. ఒప్పుకోవడం కాదది, విసుక్కోవడం. అయితేనేం? సంపూర్ణమ్మకి అది చాలు. "ఎత్తండే గంపలు!" అని కేకేసింది.

ఆదివారం ఉదయం దుర్గాశ్రీ స్కూలు యూనిఫాం వేసుకుని, జడలకి రిబ్బన్లు కట్టుకుని, ఏంటెన్నా భుజాన పెట్టుకుని రేవుకొచ్చింది. మేడం ల్యాప్‌టాప్ గుండెలకి హత్తుకుని వెనకాలే. గట్టంతా జనం. పల్లంరాజు చెయ్యి అందించాడు. పిల్ల కుడికాలు ముందు పెట్టి ఎక్కేసింది. పిడుగు పడలేదు. గోదారి గోదారిలాగే ఉంది. మేడం గట్టు మీంచే ల్యాప్‌టాప్ పిల్లకి, వీడియో తియ్యడానికి ఫోన్ పల్లంరాజుకి అందించింది.

"నువ్వూ రా మామ్మా!" అని పిలిచింది.

సంపూర్ణమ్మ నీళ్ల దాకా వెళ్లింది. చెయ్యి పడవ అంచు మీద వేసింది. కాలు లేవలేదు. ఊరు ఊరంతటినీ ఎదిరించిన మనిషి మాట తన మోకాలే వినలేదు. "గంప ఎవరు చూస్తారే, నువ్వు పో" అని అబద్ధమాడి వెనక్కొచ్చేసింది.

పడవ నడి గోదాట్లో లంగరేసింది. పిల్ల నిలబడి ఏంటెన్నా ఆకాశానికెత్తి, దేన్నో వెంబడిస్తున్నట్టు నెమ్మదిగా తిప్పుతోంది. తల్లి రామతులసి గట్టు మీద నిలబడి దణ్ణం పెట్టుకుంటోంది. కాసేపటికి ఒక్కసారిగా నీళ్ల మీదుగా పిల్ల కేక వినిపించింది. అది ఏడుపు కాదని సంపూర్ణమ్మకి వెంటనే తెలిసిపోయింది.

తిరిగొచ్చాక ల్యాప్‌టాప్ చుట్టూ మూగారు. ఒక్క గీత లేదు. నల్లటి సముద్రం, దాని మీద మబ్బులు, సముద్రంలోకి బొజ్జలా పొడుచుకొచ్చిన నేల. "ఇదే మామ్మా మన గోదారి జిల్లాలు" అంది దుర్గాశ్రీ.

"మన ఊరేదే ఇందులో?"

"అంత చిన్నది కనపడదు."

"చిట్టియ్య కూడా కనపడడుగా? అయితే మంచి బొమ్మే."

బొమ్మ పంపారు. ఇప్పుడు చెప్పే ముక్క కొంచెం చేదుగా ఉంటుందండి, అయినా జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా. సోమవారం పల్లంరాజు వల చేపల్లేక తేలిగ్గా వచ్చింది. మర్నాడు తేలిగ్గానే. ఆ తర్వాతా అంతే. పేటలో చెవులు కొరుక్కున్నారు. "నిరుడు కార్తీకమంతా వలలో గడ్డే పడింది. అప్పుడు ఏ ఆడది ఎక్కిందర్రా?" అని సంపూర్ణమ్మ ఎదురు కనబడ్డవాడినల్లా నిలదీసింది. ఎవరూ గుసగుసలు మానలేదు.

అలాంటప్పుడు స్కూలుకి కబురొచ్చింది. దుర్గాశ్రీ ఎంపికైంది. మే నెలలో క్యాంపు. మేడం మిఠాయి పట్టుకుని స్వయంగా ఇంటికొచ్చి చెప్పింది. సంపూర్ణమ్మ ఆ పూట చేపలమ్ముతూ ప్రతి గడపలోనూ చెప్పింది. "రాకెట్టు దగ్గరికి పోతోందమ్మా నా మనవరాలు! నువ్వు బేరం ఆపి ముందు ఇది విను." గంప ఖాళీ చేసుకుని, హుషారుగా రేవు దారినే ఇంటికి బయల్దేరింది.

రేవులో పల్లంరాజు పడవ ఒడ్డుకి ఆనించి కట్టి ఉంది. లోపల పల్లంరాజు చీపురు పట్టుకుని నిలబడ్డాడు. గట్టు మీద చిట్టియ్య కొబ్బరికాయతో ఉన్నాడు. కింద రామతులసి చంకన పసుపునీళ్ల బిందె, ముఖంలో నెత్తుటి చుక్క లేదు. మొగుడు అందివ్వమన్నాడు, ఆవిడ పట్టుకుని నిలబడింది. కొంచెం ఎడంగా దుర్గాశ్రీ, మిఠాయి పొట్లం చేతిలోనే ఉంది. ఆ పిల్ల మళ్లీ తన పాదాల వైపు చూసుకుంటోంది.

"ఒక్కసారి శుద్ధి చేసేస్తే పోతాది కదమ్మా" అన్నాడు పల్లంరాజు తల్లిని చూడగానే. "దాని క్యాంపుకి నేనేం అడ్డం చెప్పట్లేదు. రేపు వేటకి పోవాలి కదా."

సంపూర్ణమ్మ గంప మనవరాలి చేతికిచ్చింది. చీర కుచ్చిళ్లు ఎగదోపింది. పడవ దగ్గరికి నడిచి, అంచు పట్టుకుని, ఒక కాలెత్తి లోపల పెట్టింది. మోకాలు కలుక్కుమంది. "అమ్మా!" అని కొడుకు కంగారుపడ్డాడు. రెండో కాలూ పెట్టింది. లోపలికెళ్లి సరిగ్గా మధ్య చెక్క మీద, మనవరాలు నిలబడ్డ చోట, మఠం వేసుకుని కూర్చుంది.

"పొయ్యరా" అంది. "నా కాళ్ల మీద పొయ్యి. చిన్నప్పుడు ఒకసారి కడిగారు, ఆ తడి ఇప్పటికీ ఆరలేదు. దాని కాళ్లు పడ్డ చోటు కడుగుతావా? కడుగు. కడిగాక మళ్లీ ఎక్కుతా. మళ్లీ కడుగు, మళ్లీ ఎక్కుతా. నువ్వు కడిగినన్నిసార్లూ ఎక్కుతా. నేను పోయాక అది ఎక్కుతాది."

"వదినా!" అన్నాడు చిట్టియ్య.

"నువ్వు కాయ ఇంటికి పట్టుకెళ్లి పచ్చడి చేయించుకో మరిదీ."

రామతులసి చంకలోని బిందె దించింది. అందివ్వలేదు. ఇసకలో ఒంపేసింది. పసుపునీళ్లు పారి గోదాట్లో కలిశాయి. ఒంపి, బిందె బోర్లించి, కూతురి పక్కకెళ్లి నిలబడింది. దుర్గాశ్రీ పాదాల మీంచి చూపు తీసి, పడవ మధ్యలో కూర్చున్న మామ్మని చూసి, చప్పట్లు కొట్టింది. రేవంతటికీ వినిపించేలా కొట్టింది.

"చూస్తావేంట్రా?" అంది సంపూర్ణమ్మ కొడుకుతో. "ఆ చీపురు అవతల పారేసి తెడ్డు తియ్యి. ఇన్నేళ్లు చేపలమ్మాను, నడి గోదారి ఎలా ఉంటాదో నాకు తెలీదు. చూపించు."

పల్లంరాజు చిన్నాన్న వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. చీపురు పడేసి తెడ్డు తీశాడు.